ముడి కనబడని కట్టు

ఈ పాత కారు కొన్నప్పటి నుంచి రెండో తాళం కోసం ఫోన్ చేస్తున్నాను. అమ్మిన పెద్దాయన ఒక్కసారీ ఎత్తలేదు. కారు కొన్న రోజు దిల్‌సుఖ్‌నగర్‌లోనూ అంతే. "రిపేర్లేమైనా ఉన్నాయా?" అని అడిగితే నా ముఖం చూడకుండా, బానెట్ మీద అరచేయి ఆనించి "మంచిగ కట్టిన" అన్నాడు. అది నేను మరవలేదు.

మొన్న ఎల్బీ నగర్‌లో సర్వీసింగ్‌కిస్తే మెకానిక్ బానెట్ ఎత్తాడు. చీలిన రేడియేటర్ పైపుకు సైకిల్ ట్యూబు పీలికలు సందు లేకుండా చుట్టి ఉన్నాయి. నేను పెద్దాయనను తిట్టడం మొదలుపెట్టాను. అతను చెయ్యి తుడుచుకొని ఆ కట్టును తాకాడు.

"జర ఆగు సార్. మేం నేతోళ్లం. రంగుల ముంచే ముందు, రంగు లోపలికి పోకుండ చీర నూలుకు గిట్లనే కడ్తం. గీయన నీళ్లు బయటికి రాకుండ కట్టిండు. ఒక్క చుక్క కారలే!"

కొత్త పైపు వేయించి పాతది ఇంటికి తెచ్చుకున్నాను. ఎంత వెతికినా ముడి కనబడదు. పెద్దాయనా, తాళం మీరే ఉంచుకోండి. ఫోనెత్తి ఆ ముడి ఎక్కడ వేశారో చెప్పండి.