ఆరు చుక్కలు, కొత్త ఆవకాయ

2025 మార్చి. నూజివీడులో నేను నర్సుగా చేస్తున్న ఆయుర్వేద క్లినిక్‌కి రెడ్డిగూడెం నుంచి మరియమ్మగారు వచ్చారు. ఆ రోజు విభూది బుధవారం, ఈస్టరు ముందు ఉపవాసాలు మొదలయ్యే రోజు. పొద్దున్నే చర్చిలో పెట్టిన బూడిద సిలువ ఆవిడ నుదుట అలాగే ఉంది. క్యాన్సర్‌కి కీమో అయ్యాక పాదాల్లో నరాల మంట మిగిలిపోయింది. మాత్రలేవీ పనిచేయలేదు. డాక్టరుగారు విజయ తైలం రాశారు. విజయ అంటే గంజాయి ఆకే. డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చే మందు.

"గంజాయా అండీ? మా ఫాదరుగారికి తెలిస్తే ఏమనుకుంటారు?" అన్నారావిడ గొంతు తగ్గించి.

"మందేనండీ. చెప్పినన్ని చుక్కలే వేసుకోండి, చాలు" అన్నాను.

ఈ మందుకి అందరికీ ఒకే డోసు ఉండదు. ఒక చుక్కతో మొదలుపెట్టి, మూడు రోజులకోసారి ఒకటి పెంచుతూ, మంట తగ్గి తల తిరగని చోట ఆగాలి. దీన్ని టైట్రేషన్ అంటాం. మరియమ్మగారికి ఆరు చుక్కల దగ్గర కుదిరింది. మధ్యాహ్నం భోజనం కాగానే కోడలు సుజాత నోట్లో వేసేది. ఏప్రిల్ మొదట్లో ఆవిడ చెప్పులేసుకుని నడిచొస్తే నాకెంత సంతోషమైందో!

మే మొదటి వారంలో మాత్రం ఆటోలోంచి దించాల్సి వచ్చింది. మాట ముద్దగా వస్తోంది. భోజనమైన రెండు గంటలకి తల తిరిగి పంపు దగ్గర పడిపోయారట. మోచెయ్యి దోక్కుపోయింది.

నాకు అనుమానం ఎక్కువ. నీళ్లు కలుపుతున్నాడని ఇప్పటికి నలుగురు పాలవాళ్లని మార్చాను.

"ఎన్ని చుక్కలు వేశావమ్మా?"

"ఆరేనండి" అంది సుజాత.

"నిజం చెప్పు."

ఆ పిల్ల తల దించుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకున్నాను. అంతటితో ఊరుకోలేదు. "ఆవిడ మత్తుగా పడుంటే నీకు చాకిరీ తప్పుతుందని ఎక్కువ వేశావేమో!" అని అత్తగారి ఎదుటే అనేశాను.

సీసా తెప్పించి వెలుతురుకి పట్టి చూశాను. ఇన్ని రోజులకి ఎంత తగ్గాలో సరిగ్గా అంతే తగ్గింది. పాత సీసానే, బ్యాచ్ మారలేదు. అయినా నా అనుమానం చావలేదు. నీళ్లు కలిపి నింపిందేమోనని మూత తీసి వాసన కూడా చూశాను.

"మందు ఆపేద్దామా?" అన్నారు డాక్టరుగారు.

మరియమ్మగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఆపితే నా కాళ్లు మళ్లీ నిప్పుల్లో పెట్టినట్టేనండీ!"

"సరే, ఈమధ్య తిండేమైనా మారిందా?"

"కొత్తావకాయ పెట్టిందండి మా కోడలు. నాలుగు రోజుల్నుంచి నెయ్యేసుకుని తింటున్నా. ఉపవాసాల్లో నలభై రోజులూ నెయ్యి ముట్టలేదు కదండీ. ఈస్టరు పండగయ్యాక కూడా నోటికేం సయించలేదు."

డాక్టరుగారు నా వైపు చూశారు. ఈ తైలం నెయ్యిలాంటి కొవ్వుతో కలిస్తే ఒంటికి ఎక్కువ పడుతుంది. మేం డోసు కుదిర్చింది ఉపవాసాల తిండికి. మొదటి రోజు రాసిన ఆవిడ కేసు షీటు తీశాను. ఆహారం అన్న చోట 'అన్నం' అని ఒక్క ముక్క ఉంది. రాసింది నేనే. నుదుట బూడిద కళ్లారా చూసి కూడా, ఏం మానేస్తున్నారండీ అని అడగలేదు.

మందు ఆపలేదు. రోజూ తినే తిండి మార్చొద్దని చెప్పి, చుక్కలు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాం. సిగ్గుతో చచ్చిపోతూ, "తప్పు నాదమ్మా" అన్నాను సుజాతతో, అత్తగారి ఎదుటే. "పర్లేదండి" అంది, నా మొహం చూడకుండా.

పదిహేను రోజులకి మరియమ్మగారు మళ్లీ నడిచొచ్చారు, ఒక్కరే. మంట లేదు, మత్తు లేదు.

"చుక్కలు సుజాతే వేస్తోందా?" అన్నాను.

"లేదండి, నేనే వేసుకుంటున్నా. చెయ్యి వణికి ఒకటీ అరా కింద పడిపోతున్నాయి. తనని వెయ్యమంటే ఆ సీసా ముట్టనంటోందండి."

ఇప్పుడు ఎవరికి సీసా ఇచ్చినా ముందు ఏం తింటారో, ఏ నెలలో ఏం మానేస్తారో అడిగి రాసుకుంటాను. ఏదైనా తేడా వస్తే, ఇంటివాళ్లని ఒక్క మాట అనేలోపు నా షీటు తీసి చూసుకుంటాను.