మేనేజరు వేయొద్దన్న తువ్వాలలు

రాబిగ్‌లో ఇంజనీర్లు బస చేసే ఒక గెస్ట్‌హౌస్‌లో బట్టలుతికే మిషన్లు నడిపేది లింబాద్రి. ఆర్మూరు దగ్గరి మనిషి, సౌదీకి వచ్చి పదహారేళ్లు. దుప్పటి మీద మరక చూసి అది చాయా, కాఫీయా, పప్పుచారా అని ఇట్టే చెప్పేస్తాడు. అయితే అతనికి అసలు గర్వం తన ఇంగ్లిష్ చూసుకుని. మాటలు విడివిడిగా వస్తే అన్నీ తెలుసు. కలిసి వస్తేనే కాస్త తిప్పలు.

ఆ నెల ఫ్యాక్టరీలో మరమ్మతులు మొదలై గదులన్నీ నిండిపోయాయి. జతగాడు భోజన్నేమో చుట్టీ మీద ఇంటికి పోయాడు. నాలుగు రోజులు ఒక్కడే కిందామీదా పడ్డ లింబాద్రి, ఐదో రోజు పొద్దున కొత్తగా స్కాట్లాండ్ నుంచి వచ్చిన మేనేజరు కనబడగానే మొర పెట్టుకున్నాడు.

"సార్, టూ మచ్ వర్క్. ఐ యామ్ ఫినిష్."

మేనేజరు భుజం తట్టి, "డోంట్ త్రో ఇన్ ద టవల్, లింబాద్రీ!" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

లింబాద్రి అక్కడే నిలబడి ఒక్కో మాటా విప్పుకున్నాడు. డోంట్ అంటే వద్దు. త్రో అంటే వేయడం. ఇన్ అంటే లోపల. టవల్ సంగతి అతనికి ఒకరు చెప్పాలా? తువ్వాల లోపల వేయొద్దు! లోపల అంటే మిషన్‌లోనే మరి. ఎందుకో కూడా తనే తేల్చుకున్నాడు. తువ్వాలల నూగుకు పైపులు మూసుకుపోతున్నాయి కదా! వచ్చి పది రోజులైనా కాకముందే ఆ సంగతి కనిపెట్టిన మేనేజరు మీద అతనికి గౌరవం పుట్టుకొచ్చింది. పైగా సగం పని తప్పింది.

గదులు ఊడ్చే బంగ్లాదేశ్ అతను తువ్వాలలేవని అడిగితే, "మేనేజర్ మనా కియా" అని, ఆయనే వద్దన్నాడన్నట్టు చెయ్యి ఊపి పంపేశాడు.

మూడో రోజు టిఫిన్ వేళకు ఒక కొరియా ఇంజనీరు జుట్టులోంచి నీళ్లు కారుతుండగానే వచ్చి కూర్చున్నాడు. ఇంకొకాయన దిండు గలీబుతో చెవులు తుడుచుకుంటున్నాడు. అంతలో లాండ్రీ తలుపు ధడాలున తెరుచుకుంది. మేనేజరు! ఒంటికి కిటికీ పరదా చుట్టుకున్నాడు. దాని రింగులు అడుగడుక్కీ గలగలమంటున్నాయి.

"వేర్ ఆర్ ద టవల్స్?"

లింబాద్రి ఠీవిగా పక్కకు జరిగాడు. వెనకాల కప్పు దాకా తువ్వాలల గుట్ట.

"సార్, యు సే నో త్రో ఇన్. ఐ నో త్రో. వన్ ఆల్సో నో త్రో!"

మేనేజరు ఆఫీసులోంచి హైదరాబాదు మతీన్‌ను పిలిపించాడు. మతీన్ ఇద్దరి మాటలూ విని, గోడకు తలానించి కడుపు పట్టుకుని నవ్వాడు.

"లింబాద్రన్నా, అది బాక్సింగ్ మాట. కొట్టుకునేటోడు దెబ్బలకు ఆగకపోతే, వాని ఉస్తాదు తువ్వాల తీసి రింగు లోపటికి విసిరేస్తడు. ఇగ మావల్ల కాదు, ఓడినం అని. సారు నీకు ధైర్యం చెప్పిండే!"

"గట్లనా?" అని లింబాద్రి తల గోక్కున్నాడు. "ధైర్యం చెప్పెటానికి నడుమ తువ్వాల ఎందుకు, మతీన్ భాయ్? మా దిక్కు ఓడిపోతే చేతులెత్తేస్తరు. ఖర్చులేని పని."

మతీన్ అది ఇంగ్లిష్‌లో చెప్పాడు. మేనేజరు పరదా జారకుండా పట్టుకుని, చేతులెత్తేయడం అంటే ఓడిపోవడం అని రెండుసార్లు వల్లించుకుని మరీ పోయాడు.

మర్నాడు పొద్దున లింబాద్రి డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్నాడు. తాడు ఎత్తుగా ఉంది. రెండు చేతులూ పైకి చాపి క్లిప్పులు పెడుతుంటే, కింద మేనేజరు చూశాడు.

"నో, లింబాద్రీ! నో!" అని కేకలేస్తూ ఫోను తీసి, సాయానికి మనిషిని వెంటనే పంపమని పక్క క్యాంపుకు చెప్పాడు.

లింబాద్రికి సంగతి తెలిసిపోయింది. అయినా చేతులు మాత్రం దించలేదు.

మధ్యాహ్నానికి పక్క క్యాంపు నుంచి కడప ఓబులయ్య దిగాడు. "ఏంది పని, అన్నా?" అన్నాడు.

లింబాద్రి తువ్వాలల గుట్ట చూపించాడు. ఓబులయ్య దాన్ని కింది నుంచి పైదాకా చూసి, చొక్కా చేతులు మడుచుకుని, ముందు ఒక గ్లాసు చాయ్ ఇప్పించమన్నాడు.