లాలాగూడలో పడిన వాన

లాలాగూడలో బయల్దేరి తార్నాక దాటి, యూనివర్సిటీ క్యాంపస్ మీదుగా మాణికేశ్వర్ నగర్ అంచుదాకా పొద్దున్నే నడవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఆ దారి మొదటిసారి నడిచింది పందొమ్మిది వందల అరవైల చివర్లో, ఒక జులై నెల శుక్రవారం నాడు. ఆరోగ్యం కోసం నడవలేదు, చెట్లూ పిట్టలూ చూడాలనీ కాదు. ఒక అబద్ధం రాసి ఉన్నాను. అది ఎలాగోలా నిజమై ఉంటుందేమోనన్న పిచ్చి ఆశతో బయల్దేరాను. ఆ నడక నా ఏడాదినే మార్చేసింది కాబట్టి దారితో పాటు ఆ సంగతి కూడా చెప్పకుండా ఉండలేను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ రెండో ఏడు. నాన్నగారు రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో గుమస్తా. బెజవాడ నుంచి బదిలీ మీద వచ్చి లాలాగూడ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా సారు క్యాంపస్ చివర, మాణికేశ్వర్ నగర్ వైపు, చిన్న చిన్న మడుల్లో జొన్న పెంచుతున్నారు. ఏ మడికి ఎంత నీరు పోస్తే పైరు ఎలా పెరుగుతుందన్నది ఆయన పరిశోధన. ఆ మడుల పక్కనే వానను కొలిచే సీసా ఒకటి ఉండేది. పైన రేకు గరాటు, కింద సీసా. పొద్దున ఏడింటికల్లా వెళ్లి సీసాలో నీళ్లను కొలతగ్లాసులో పోసి చూసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టర్లో రాయడం నా పని. వాన పడితే ఆ మేరకు మడులకు నీళ్లు తగ్గిస్తారు. నా పరీక్షకు సమర్పించాల్సిన వ్యాసం కూడా ఆ లెక్కల మీదే ఆధారపడి ఉంది.

ఏడింటికల్లా వెళ్లడం అన్నాను గానీ, వెళ్తే కదా! రాత్రి వారపత్రికల్లో సీరియళ్లు చదువుకుంటూ పడుకుని పొద్దున ఎనిమిదింటికి లేచే మహారాణిని నేను. రిక్షాలో పదింటికి క్లాసుకు చేరి, మడుల దాకా ఎండలో ఎవరు పోతారులే అని, రిజిస్టర్లో తోచిన అంకె వేసేదాన్ని. నిన్న సున్నా అయితే ఇవాళా సున్నా. ఎవరు చూడొచ్చారు అనుకునేదాన్ని. ఒక శుక్రవారం రాత్రి మా లాలాగూడలో కుండపోత. మర్నాడు లేచి వాకిట్లో నిలిచిన నీళ్లు చూసి, పన్నెండు మిల్లీమీటర్లు అని నిర్ణయించేసి, డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేశాను.

మడులు చూసే మాలి పేరు మల్లేశం. యాభై ఏళ్ల మనిషి, నెత్తిన ఎప్పుడూ తువ్వాలు. రిజిస్టర్లో వాన ఉంది కాబట్టి మూడు రోజులు నీళ్లు పోయొద్దని సారు ఆయనకు చెప్పారు. నాలుగోనాటికి మొలకలు వాడిపోయాయి. పన్నెండు మిల్లీమీటర్ల వాన పడ్డాక కూడా మొక్కలు వాడాయంటే అంతకుముందు ఈ మనిషి నీళ్లు పోయకుండా పోశానని చెప్పి ఉంటాడు అని సారు లెక్కకట్టారు. సోమవారం నుంచి పనికి రావద్దన్నారు. ఇదంతా నాకు గురువారం మధ్యాహ్నం మల్లేశమే వరండాలో ఆపి చెప్పాడు.

"వాన పడలే అమ్మా. సార్‌కు చెప్పిన. బుక్కుల రాసి ఉన్నది, బుక్కు అబద్ధం ఆడుతదా అన్నరు. ఆ బుక్కు ఎవరు రాస్తరో నీకేమన్న ఎరుకనా?"

ఆ రిజిస్టరు రాసేది నేనని ఆయనకు తెలియదు. ఎలా తెలుస్తుంది, మడుల దగ్గర నన్ను ఆయన చూసిందే నాలుగైదుసార్లు. "తెలీదు మల్లేశం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మొలకలు వాడినప్పటి నుంచి సారు పొద్దున ఆరున్నరకే మడులు చూసి ఏడులోపే వెళ్లిపోతున్నారు, ఆ వేళ తప్పితే ఆయన చుట్టూ జనమే. నిజం చెప్పాలంటే అప్పుడే వెళ్లి చెప్పాలి. కానీ మనసు ఊరుకోదు కదా. మల్లేశమే పొరపాటు పడ్డాడేమో, రాత్రి పడి తెల్లారేసరికి ఇంకిపోయిందేమో, దారిలో అడిగి చూద్దాం అనుకున్నాను. వాన నిజంగా అక్కడిదాకా వెళ్లి ఉంటే నేను నోరు విప్పాల్సిన పనే లేదు.

శుక్రవారం పొద్దున ఐదుంపావుకు ఇల్లు దాటాను. అంత పొద్దున్నే నేను చెప్పులు వేసుకోవడం చూసి నాన్నగారు పళ్లపొడి చేతిలోనే ఉంచుకుని, "ఒంట్లో బాగానే ఉందా అమ్మాయ్?" అని అడిగారు. పరీక్ష పని అన్నాను. క్వార్టర్ల వరసలు దాటి తార్నాక వైపు తిరిగేసరికి వర్క్‌షాపుకు పోయే సైకిళ్లు ఎదురొచ్చాయి. రోడ్డు పక్క గుంటల్లో వారం నాటి బురద ఇంకా ఆరలేదు. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి బస్సు వచ్చేసరికి ఆరు దాటుతుంది, పదిహేను పైసలు. రిక్షా అయితే అర్ధరూపాయి. నడిస్తే అరగంటలో తార్నాక కూడలి.

కూడలిలో మా రిక్షా యాదగిరి బండి సీటు తుడుచుకుంటూ కనిపించాడు. ఏడాదిగా నన్ను కాలేజీలో దింపేది అతనే.

"ఏందమ్మా, ఇయ్యాల నడుస్తున్నవ్? నా బండి మీద కోపమొచ్చిందా?"

"కోపం కాదు యాదగిరీ. పోయిన శుక్రవారం రాత్రి వాన పడిందే, ఇక్కడ ఎంత పడింది?"

"గాడ మీ లాలాగూడల దంచి కొట్టిందన్నరు. గీడ నాలుగు చినుకులు రాలినయ్ అంతే. నా బండి టాపు కూడ సరిగ తడవలే."

నాలుగు చినుకులన్నా పడ్డాయి కదా అని సర్ది చెప్పుకున్నాను. మబ్బు ముందుకు వెళ్తూ వెళ్తూ బలం పుంజుకుని ఉండొచ్చు! యూనివర్సిటీ రోడ్డెక్కాను. అప్పట్లో తార్నాకలో ఇళ్లు పలచన. రెండు పక్కలా నల్లరాతి బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. తెల్లవారుతుంటే ఆ బండలు ఎర్రబారడం మొదటిసారి చూశాను. ఏడాదిగా అదే రోడ్డు మీద రిక్షా టాపు కింద కూర్చుని పుస్తకం చదువుకుంటూ వెళ్లినదాన్ని. ఎంత చూడకుండా బతుకుతున్నానో అనిపించి మనసు చివుక్కుమంది.

ఆరింటికి క్యాంపస్ మలుపు దగ్గర ఒక ముసలమ్మ వేడి వేడి ఇడ్లీలు అమ్ముతోంది. పది పైసలకు రెండు, మీద కారప్పొడి. ఆకులో పెట్టించుకుని, తింటూ, అదే ప్రశ్న వేశాను.

"యాడి వాన బిడ్డా?" అంది ఆవిడ. "ఆ రాత్రి మా మాణికేశ్వర్ నగర్ల ఉక్కపోతకు మేమందరం బయటనే పండుకున్నం. పక్కబట్ట తడిస్తె ఎరుక గాదా?"

చేతిలో రెండో ఇడ్లీ ఉండిపోయింది. వాన అక్కడిదాకా రాలేదు. మబ్బు తార్నాకలోనే ఆగిపోయింది. హైదరాబాదు వానలంతే, ఒక వీధిలో కొట్టి పక్క వీధిని మరిచిపోతాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు తెలిసిన ఈ చిన్న సంగతి, వాన పడితే జిల్లా అంతా పడే ఊరి నుంచి వచ్చిన నాకు తట్టనేలేదు. వెనక్కి తిరిగితే ఇంటికి గంటలోపే. పదింటికి మామూలుగా రిక్షాలో రావచ్చు. మల్లేశం సోమవారం నుంచి రాడు, నా వ్యాసం నాకు ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ముసలమ్మ "ఇంకో రెండు పెట్టనా?" అని అడిగితే తేరుకుని, వద్దని చెప్పి, ముందుకే నడిచాను. ధైర్యం కాదు. ఇవాళే ఆ మనిషి ముఖం మళ్లీ వరండాలో చూడాల్సి వస్తుందన్న భయమే నడిపించింది.

మలుపు నుంచి మడుల దాకా మరో అరగంట. చింతచెట్ల కింది బాట బాగుంటుంది, నేనైతే ఆ రోజు చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ నడిచాను. సారు మడి గట్టు మీద గొంతుక్కూర్చుని ఆకులు కొలుస్తున్నారు. కాస్త దూరంలో మల్లేశం బిందెతో నీళ్లు మోస్తున్నాడు.

"పన్నెండు మిల్లీమీటర్లు నేను ఊహించి రాశానండి" అన్నాను, నమస్కారమైనా పెట్టకుండా.

సారు తలెత్తారు. "సీసా చూడలేదా?"

"లేదండి."

"మరి పన్నెండు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మా వాకిట్లోంచండి."

మరొకప్పుడైతే ఇద్దరం నవ్వేవాళ్లమేమో. ఆయన లేచి, చేతులు దులుపుకుని, "ఇలాంటివి ఇంకెన్ని?" అన్నారు. తన సంచిలోంచి రిజిస్టరు తీసి, ఒక పెన్సిలు ఇచ్చి, బండ మీద కూర్చోబెట్టారు. నేను చూడకుండా రాసిన ప్రతి అంకె కిందా గీత గీయమన్నారు. గీస్తూ పోతే రెండు నెలల్లో సగానికి పైగా అవే తేలాయి. కన్నీళ్లు పేజీ మీద పడకుండా కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఈ రెండు నెలలూ పోయినట్టే. నీ వ్యాసం ఈ ఏడు పూర్తి కాకపోవచ్చు" అన్నారు సారు. "మళ్లీ మొదలుపెడతానంటే రేపు ఏడింటికి రా. చూడలేని రోజు గడిలో అడ్డగీత పెట్టు. సున్నా కూడా రాయకు. సున్నా అంటే చూశావని అర్థం." తర్వాత మల్లేశం దగ్గరికి నడిచి, "సోమవారం పనికి రా మల్లేశం. తప్పు నాది, నీ మాట వినలేదు" అన్నారు.

మల్లేశం బిందె దించి నా వైపు చూశాడు. రాసింది నేనేనని అప్పుడే అర్థమైంది ఆయనకు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నిన్న అడిగితె తెల్వదంటివి గదమ్మా" అన్నాడు, అంతే. నీళ్లు మోయడానికి వెళ్లిపోయాడు.

ఆ మాట నా చేత ఏడాదంతా పని చేయించింది. మర్నాడు మళ్లీ ఐదుంపావుకే బయల్దేరాను. రాత్రి తొమ్మిదింటికి దీపం తీసేయడం, సీరియళ్లు ఆదివారానికి దాచుకోవడం, రోజూ నడిచి వెళ్లడం, ఇవన్నీ నేనేదో గొప్ప నిర్ణయంగా చేసుకున్నవి కావు. ఏడింటికి సీసా ముందు ఉండాలంటే వేరే మార్గం లేదు, అవే వెనకాల వచ్చాయి. మొదటి వారం కాళ్లు పుండ్లయ్యాయి. మూడో వారానికి యాదగిరి, "ఇగ నా బండికి నీ గిరాకి పోయినట్టే" అని నవ్వుతూ పలకరించి పంపేవాడు. చదువులో కూడా, తెలియని ప్రశ్నకు నాలుగు పేజీలు అల్లే అలవాటు ఎప్పుడు పోయిందో తెలియకుండానే పోయింది. నెలకు రెండు మూడు అడ్డగీతలు ఉండేవి, వాటిని చూసి సిగ్గుపడడం మానేశాను. మల్లేశం మాత్రం పని మాటలు తప్ప మాట్లాడేవాడు కాదు.

అక్టోబరులో నాకు జ్వరం వచ్చి ఒక రోజు వెళ్లలేదు. మర్నాడు నీరసంగా చేరేసరికి మల్లేశం ఎదురొచ్చాడు. "మొన్న రాత్రి మంచిగ కురిసింది. నిన్న పొద్దుగాల నేను సీసా చూసిన, సగం కంటె ఎక్కువున్నయ్ నీళ్లు. మళ్ల వానొస్తె నిండి పొర్లుతదేమోనని పారబోసిన. రాసుకో" అన్నాడు. కొలవలేదు కాబట్టి అంకె లేదు. నిన్నటి గడిలో అడ్డగీత పెట్టాను. ఆయన రిజిస్టరులోకి తొంగి చూశాడు. చదవడం రాదు గానీ అడ్డగీత ఏమిటో అప్పటికి తెలుసు.

"నేను చూసిన గదమ్మా. గిప్పుడు కూడ నా మాట బుక్కుల ఎక్కదా?"

అంకె వేస్తే మళ్లీ అబద్ధం. అడ్డగీతతో వదిలేస్తే ఆయన మాట మళ్లీ లేనట్టే. పేజీ చివర 'రిమార్క్స్' అనే గడి ఒకటి ఉంది, అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అందులో "మంచి వాన పడింది, సీసాలో సగానికి పైగా నీళ్లు. మల్లేశన్న చూశాడు" అని తెలుగులోనే రాసి ఆయనకు చదివి వినిపించాను. మళ్లీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. సాయంత్రం సారు ఆ గడి పక్కన సంతకం చేసి, మర్నాటి నుంచి ఆ గడి రోజూ నింపమన్నారు. మల్లేశన్న చెప్పేవాడు, నేను రాసేదాన్ని.

నా వ్యాసం ఆరు నెలలు ఆలస్యంగా పూర్తయింది. తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరిపోతుంటే బాధ లేకపోలేదు. అయినా ఏ ఏడాది నీకు మేలు చేసిందని ఎవరైనా అడిగితే వెనకబడిన ఆ ఏడాదే చెబుతాను. పొద్దున లేవడం, నడవడం మంచివే, ఎవరైనా చెబుతారు. నాకు దక్కింది మాత్రం "నేను చూడలేదు" అని తల దించుకోకుండా అనగలగడం, చూసినవాడి మాటకు చోటు ఇవ్వడం. ఇక మీరు ఈ దారిన వెళ్లేట్టయితే ఒక్క సలహా. క్యాంపస్‌లో బాటలు చాలా చోట్ల చీలుతాయి, బోర్డులు పాతబడి ఉంటాయి. ఎటు వెళ్లాలో సందేహం వస్తే అక్కడ చెట్లకు నీళ్లు పోస్తున్నవాళ్లనో ఊడుస్తున్నవాళ్లనో అడగండి. అడిగి, వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా ఆగండి.