చెయ్యి తగిలినవాళ్లు ఇద్దరు

దయ్యాలుంటే నాకు ఎప్పుడో కనిపించాలి. ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా పనిచేశాను. చచ్చిన పశువులను ఊరి బయట, వాగుల పక్కన, ఒక్కోసారి శ్మశానం గోడకు ఆనుకుని కోసి చూశాను. ఒంటరిగా, చేతిలో కత్తి, పక్కన ఒక బకెట్ నీళ్లు, అంతే. కుక్కలు, గద్దలు తప్ప నా దగ్గరికి ఏదీ రాలేదు. ఎవరైనా గాలి సోకిందనో, చేతబడి అనో చెప్తే నాకు నవ్వు కాదు, చిరాకు వచ్చేది. నేను నమ్మింది కాగితాన్ని. రక్తం తీసి పంపిస్తే కాగితం వస్తుంది, అందులో ఉన్నదే నిజం.

అందుకే ఈ సంగతి నాకు ఇంత ఇబ్బందిగా ఉంది. నాకు సమాధానం దొరకనిది కూడా ఒక కాగితమే, పైగా అందులోని రాత నాదే.

ఎనభైల చివర్లో నేను బోధన్ అవతల ఒక పశువుల ఆసుపత్రిలో ఉండేవాణ్ణి. రెండు గదులు, ఒక రేకుల షెడ్డు, నేను, కాంపౌండర్ నర్సయ్య. చలికాలం వస్తే రోడ్డు పొడవునా ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లే. బండ్ల మీద నుంచి రాలిన చెరుకు ముక్కలు బర్లు ఏరుకుని తినేవి. కొన్నిటికి గొంతులో ఇరుక్కునేది. నోట్లో చెక్క అడ్డం పెట్టి, మోచేతి దాకా నూనె రాసుకుని, చెయ్యి లోపలికి పంపి ముక్కను లాగేయడమే వైద్యం. నాది సన్నని చెయ్యి. ఆ నెలలో అప్పటికే మూడు తీశాను. ఆ చుట్టుపక్కల నాకు కాస్త పేరు కూడా వచ్చింది. ఆ పేరు నాకు నచ్చింది కూడా.

ఒక రోజు పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో సాయిలు అనే రైతు సైకిల్ మీద వచ్చాడు. ఆరేడు కిలోమీటర్ల దూరంలోని ఊరు. ఆయన బర్రె చూడితో ఉంది, ఇంకో నెలన్నరలో ఈనుతుంది. రెండు రోజులుగా మేత ముట్టడం లేదు, నీళ్లు తాగడం లేదు, నోటి నుంచి చొంగ కారుతోంది, గొంతులో చెరుకు ముక్క ఇరికింది, వచ్చి తీయమన్నాడు. ఆ ఇంట్లో పాడి అంటే అదొక్కటే.

నా అలవాటు ప్రకారం చీటీ రాశాను. పేరు, ఊరు, పశువు, రోగ లక్షణం, ఎన్ని రోజులు. చీటీని చొక్కా జేబులో పెట్టుకుని స్కూటర్ తీశాను. సాయిలు సైకిల్‌ను అక్కడే వదిలి నా వెనక కూర్చున్నాడు.

కొట్టంలో సాయిలు భార్య సాయవ్వ ఉంది. బీడీలు చుట్టే మనిషి. వేళ్ల చివర్ల కత్తెర గాట్లు, ఆకు కోసుకున్న గీతలు. ముక్క చేతికి అందుతుందేమోనని పొద్దున తానే బర్రె నోట్లో చెయ్యి పెట్టి చూశానని చెప్పింది. మంచి పని చేశావు అన్నట్టు తల ఊపాను.

బర్రె తల వంచుకుని నిలబడింది. చొంగ తీగలు తీగలుగా నేల దాకా సాగుతోంది. మధ్యమధ్య బొంగురుగా అరుస్తోంది. ఇప్పుడు తలచుకుంటే ఆ అరుపే నాకు చెప్పాల్సింది. పుస్తకంలో చదివిన అరుపే అది. కానీ చెరుకు కాలంలో చొంగ కార్చే బర్రెను చూస్తే ఆ ప్రాంతంలో డాక్టరుకైనా, రైతుకైనా ముందు గొంతులో ముక్కే గుర్తుకొస్తుంది. సాయిలు తాడు బిగించి పట్టుకున్నాడు. నేను సబ్బుతో కడుక్కుని, సాయవ్వ తెచ్చిన నూనె మోచేతి దాకా పట్టించాను.

ఎన్నో నెల చూడి అన్నది మరిచిపోయాను. గాభరా పడితే ఈసుకుపోయి కడుపులో దూడ పోతుందేమోనని ఒకసారి చూద్దామనుకుని, ఎడమ చేత్తో జేబులోని చీటీ తీశాను.

చీటీలో నేను రాసినదంతా ఉంది. దాని కింద ఇంకో పంక్తి ఉంది.

"ఎడమ చెవి వెనుక కుక్క కాటు. చెయ్యి తగిలినవాళ్లు ఇద్దరు."

రాత నాది. పెన్ను అదే, నీలం రంగు బాల్ పెన్ను. 'డ' కింద నేను పెట్టే వంకర కూడా అలాగే ఉంది. రాసినట్టు మాత్రం గుర్తు లేదు.

సాయిలును అడిగాను. కుక్క సంగతి నాకు ఎప్పుడు చెప్పావు? ఏ కుక్క అన్నాడు. బర్రెను కుక్క కరవలేదని, కరిస్తే తనకు తెలియకుండా ఉంటుందా అని ఎదురు అడిగాడు. సాయవ్వ కూడా అదే మాట. నేను బర్రె ఎడమ చెవి ఎత్తి వెంట్రుకలు పాయలు తీసి చూశాను. చెవి మొదట్లో, వెనక వైపు, మానిపోయిన గాట్లు నాలుగు. మూడు, నాలుగు వారాల నాటివి. దగ్గరికి పోయి వెతికితే తప్ప కనిపించవు.

నూనె చేతిని గుడ్డతో తుడుచుకున్నాను. భయం వేసింది. అది దయ్యం భయం కాదు. ఇంకో నిమిషమైతే రేబీస్ ఉన్న పశువు నోట్లో నా చెయ్యి మోచేతి దాకా ఉండేది.

అప్పుడు నా బుద్ధి బాగానే పనిచేసింది. సాయవ్వ చేతిని సబ్బుతో పావుగంట కడిగించాను. ఆ గాట్లతో చొంగలో చెయ్యి పెట్టింది కాబట్టి సూదులు వేయించకపోతే ప్రాణానికే ముప్పని ఇద్దరికీ విడమరచి చెప్పాను. రోగం బయటపడ్డాక మందు లేదని కూడా చెప్పాను. అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. సాయవ్వ ఏడ్చింది, కానీ సరేనంది.

సాయిలు మాత్రం ఒప్పుకోలేదు.

"నేను దాని నోరు ముట్టనే లేదు సారు. తాడు వట్టుకున్న, గంతే. నాకెందుకు సూదులు?"

నేను వినలేదు. చీటీలో ఇద్దరని ఉంది. ఒకరు సాయవ్వ, ఆ ఇంట్లో ఉన్న రెండో మనిషి సాయిలు. తాడుకు చొంగ అంటి ఉండదా అని గదమాయించాను. కాగితంలో ఉన్నదాన్ని నెరవేర్చాను, అంతే. పద్నాలుగు రోజులు సాయిలు ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయి, తానూ పొట్ట పట్టుకుని తిరిగొచ్చేవాడు. దారిలో కనబడితే నన్ను చూసి మొహం తిప్పుకునేవాడు.

బర్రె మూడో రోజు చచ్చిపోయింది, కడుపులోని దూడతో సహా. చేతులకు రెండేసి తొడుగులు వేసుకుని మెదడు ముక్క తీసి, గ్లిజరిన్ సీసాలో పెట్టి నర్సయ్యతో హైదరాబాద్ పంపాను. మిగతాది సున్నం పోసి లోతుగా పూడ్పించాను. ఇప్పుడు ల్యాబుల్లో మెదడు ముక్క మీద మెరిసే మందు వేసి గంటల్లో తేలుస్తున్నారు. బతికుండగానే చొంగలో పట్టుకునే పరీక్షల మీద పరిశోధన జరుగుతోందని కూడా చదువుతున్నాను. అప్పుడైతే రంగు వేసి, కణాల్లో ఎర్రటి మచ్చల కోసం వెతకడమే. వారం దాటాక కాగితం వచ్చింది. రేబీస్ అని.

ఆ కాగితం చూసి నేను లోపల పొంగిపోయాను. చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. చీటీ సంగతి కూడా అప్పటికి సర్ది చెప్పుకున్నాను. సాయిలే ఏదో అని ఉంటాడు, ఇద్దరమూ మరిచిపోయి ఉంటాం.

ఒక్కటే పంటి కింద రాయిలా మిగిలింది. ఒకసారి మాటల్లో నర్సయ్య అన్నాడు, ఆ రోజు సాయిలు చెప్పడం ఆపేసి ఊరికే నిలబడ్డాక కూడా నేను చాలాసేపు రాస్తూనే ఉన్నానని. మందులు రాస్తున్నాననుకున్నాడట. ఆ రోజు నేను మందులేమీ రాయలేదు.

ఇంకో నెల గడిచింది. సాయిలు మళ్లీ వచ్చాడు. ఈసారి పశువు గురించి కాదు. వాళ్ల ఊరి బర్లను మేపే మల్లయ్య నీళ్లు తాగడం లేదట. చెంబు దగ్గరికి తెస్తే గొంతు పట్టేసి ఒళ్లంతా ఎగిరిపడుతున్నాడట. నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నారు, ఒకసారి మీరూ చూడండి సారు అన్నాడు.

చూడనక్కర్లేదు. సాయిలు చెప్తుండగానే నాకు తెలిసిపోయింది. అయినా మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను.

మల్లయ్యకు యాభై దాటి ఉంటాయి. విడిగా ఒక గదిలో పడుకోబెట్టారు, కిటికీకి దుప్పటి కట్టారు. మధ్యమధ్య తెరిపి వచ్చినప్పుడు మామూలుగానే మాట్లాడుతున్నాడు. కుడి చెయ్యి తిమ్మిరెక్కిందని రుద్దుకుంటున్నాడు. బొటనవేలి పక్కన మానిపోయిన చిన్న గీత.

నేనడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. కాలువ గట్టు మీద, చెరుకు తోటలోంచి ఒక కుక్క వచ్చి సాయిలు బర్రె చెవి పట్టిందట. విడిపించబోతే తన చేతికీ పన్ను గీరుకుందట. బర్రె గాయాన్ని ఆ చేత్తోనే కాలువ నీళ్లతో కడిగాడు. సాయిలుకు చెప్పలేదు. అంతకు ముందు ఏడాది ఒక దూడ కాలువలో పడి చస్తే ఊళ్లో సగం మంది తమ బర్లను ఆయనకు అప్పజెప్పడం మానేశారు. ఇది కూడా తెలిస్తే మిగతా సగం పోతుందని భయం. బర్రెకు రోగం వచ్చాక భయం ఇంకా పెరిగింది. సూదులకు పోతే ఎందుకని అడుగుతారు.

ఎవరికీ చెప్పలేదా అన్నాను.

"పోచమ్మకు తప్ప ఎవలకు చెప్పలేదు సారు. సాయిలు మీ దగ్గరికి సైకిల్ మీద వచ్చిండు సూడు, గప్పుడే పోయి చెప్పిన. ఎడమ చెవెన్క కుక్క వట్టింది, నేను చేత్తోని కడిగిన, సాయవ్వ నా కండ్ల ముంగటే దాని నోట్లె చెయ్యి వెట్టింది, మా ఇద్దరిని సల్లగ సూడు తల్లీ అన్న."

నేను మంచం పక్కన నిలబడే ఉన్నాను. కూర్చోమని కుర్చీ చూపించాడు.

మల్లయ్య ఆ మర్నాడు తెల్లవారకముందే పోయాడు.

తరువాత నేను చేయగలిగిన విచారణంతా చేశాను. ఊరి దేవత పోచమ్మ గద్దె ఊరి అవతల చేను మధ్యలో ఉంది. చుట్టూ మనిషి దాక్కునేంత చెట్టు లేదు. ఎవరైనా విన్నారనుకున్నా, సాయిలు సైకిల్ కంటే ముందు నా దగ్గరికి రావాలి. ఆ పొద్దున మా ఆసుపత్రికి సాయిలు తప్ప ఎవరూ రాలేదు. రిజిస్టరులో మొదటి నంబరు ఆయనదే. మల్లయ్య నన్ను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు, నేను ఆయనను చూడలేదు. పెద్దాసుపత్రిలో ఆయన నాకు ఆ మాటలు చెప్పినప్పుడు చీటీ సంగతి ఆయనకు తెలియదు. చీటీని నేను ఎవరికీ చూపించలేదు, నర్సయ్యకు కూడా.

పోచమ్మను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నమ్మితే నాకే కష్టం. చెప్పాల్సింది ఆ తల్లి చెప్పిందని, నేనే సరిగా వినలేదని ఒప్పుకోవాలి. ఆ రోజు కొట్టంలో సాయిలు నోరు ముట్టలేదని అంటుంటే, మరి రెండో మనిషి ఎవరని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. బర్లను కాసేది ఎవరని అడగడానికి నాకు అర నిమిషం పట్టేది. పశువుల రోగాల చదువులో మొదటి పాఠమే అది, ఎవరెవరు తాకారో అడగమని. అప్పటికి మల్లయ్యకు ఇంకా సమయం ఉంది.

సాయవ్వకు ఏమీ కాలేదు. నేను రిటైరై నిజామాబాద్‌లో ఉంటున్నాను. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. మడతల దగ్గర చిరుగుతుంటే అట్టకు అంటించాను. పైన ఉన్నదంతా రాసినట్టు నాకు బాగా గుర్తు. కింది పంక్తి ఎట్లా రాశానో ఎంత ఆలోచించినా తెలియదు.

రెండేళ్ల కింద బోధన్ బస్టాండులో సాయిలు కనిపించాడు. ముసలివాడయ్యాడు. కోపం ఎప్పుడో పోయింది. నన్ను గుర్తుపట్టి, పొట్ట మీద తట్టుకుని నవ్వుతూ అన్నాడు.

"మీరు ఏపిచ్చిన పద్నాలుగు సూదులు ఉత్తగనే పోయినయి సారు."

నేను నవ్వలేకపోయాను. ఆ సూదులు మల్లయ్యవి.