సముద్రానికి పెండ్లి బటన్

నాందేడ్‌లో నాకు ఇరవై ఏళ్లకు పైగా ఫోటో స్టూడియో ఉంది. నేను చేసిన పెళ్లి ఆల్బంలు మాత్రమే చూసినవాళ్లు ఈ ఊళ్లో ఎండే కాయదనుకుంటారు. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, చెమటతో తడిసి ముద్దయిన పెళ్లికొడుకు కూడా నా ఆల్బంలో మీగడ తిని నీడపట్టున పెరిగినవాడిలా ఉంటాడు. అందుకు నా కంప్యూటర్‌లో ఒక బటన్ ఉంది. మా షాపులో దాన్ని పెండ్లి బటన్ అంటాం. ఒక్కసారి నొక్కితే ముఖం తెల్లబడుతుంది, చర్మం నున్నబడుతుంది, పెదాలు ఎర్రబడతాయి. ధర్మాబాద్ నుంచి వచ్చినా ఉమ్రి నుంచి వచ్చినా గిరాకీలు అడిగేది అదొక్కటే. తెలుగువాళ్లు "జెర తెల్లగ రానియ్యి అన్నా" అంటారు. మరాఠీవాళ్లు "థోడం గోరం కరా" అంటారు. ఈ ఒక్క విషయంలో మా జిల్లాలో భాషాభేదం లేదు.

నా భార్య నల్లగా ఉంటుంది. ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఇరవై ఏళ్లలో నా చేతి మీదుగా పోయిన ఏ ఫోటోలోనూ ఆ సంగతి బయటపడనివ్వలేదు. అది ఆమెకు నేను చేస్తున్న మేలనుకున్నాను. లోకమంతా తిట్టుకునే ఆధార్ ఫోటో ఒక్కటే ఆమె పోలికలతో ఉండేది. అది కంటబడ్డప్పుడల్లా ఎవడో పని రానివాడు తీశాడని నేనే వెక్కిరించేవాణ్ణి.

మూడేళ్ల కిందట దీపావళి సెలవుల్లో ఇద్దరం కొంకణ తీరానికి వెళ్లాం. ఆమె సముద్రం చూడటం అదే మొదలు. చెప్పులు చేత పట్టుకొని మోకాళ్లలోతు నీళ్లలో నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి, "మా అమ్మ బస్సెక్కితే కక్కుకుంటది, గీడిదాక రాలేదు. సముద్రంల నేను నిలవడ్డది పెద్ద ఫోటో ఒక్కటి తియ్యి. ఆమెకు చూపియ్యాలె" అంది. పెళ్లైన నాటి నుంచి ఆమె నోరు తెరిచి నన్నడిగిన ఫోటో అదొక్కటే.

అంత సముద్రం ఒక్క ఫోటోలో పట్టదు. కెమెరాను ఎడమ నుంచి కుడికి తిప్పుతూ ఏడు ఫోటోలు తీసి, షాపులో అతికిద్దామనుకున్నాను. ఎట్లా తియ్యాలో ఎక్కడైనా చదువుకోవచ్చు. కానీ ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు చదవడమేమిటి? కెమెరాను ఆటో మోడ్‌లో పెట్టి, చేత్తో తిప్పుతూ నొక్కేశాను. ఒక్కో ఫోటోకు అది తన ఇష్టం వచ్చినంత వెలుగు తీసుకుంది. సూర్యుడున్న వైపు చీకటి, నల్లరాళ్లున్న వైపు కళ్లు చెదిరే వెలుగు. నా భార్య నిలబడింది ఆ రాళ్ల పక్కనే.

అతికించి చూస్తే ఆకాశం పట్టీల లుంగీలా వచ్చింది. సముద్రం మధ్యలో ఉబ్బి ఒక పక్కకు ఒరిగింది. ఒక అల అతుకు దగ్గరికొచ్చి సగంలోనే ఆగిపోయింది. పని తెలిసినవాడైతే తలకొట్టుకొని మళ్లీ తీసేవాడు. నేను కళాకారుణ్ణి గనక దాచిపెట్టాను. పట్టీల మీద మబ్బులు, అతుకుల మీద పక్షులు పెట్టాను. పక్షులు మన దగ్గర ఎప్పుడూ ఉంటాయి, పెళ్లి ఆల్బంల కోసం ఒక గుంపును దాచుకున్నాను. చివరికి చెయ్యి దానంతటదే పోయి పెండ్లి బటన్ నొక్కింది. పాపం, ఆ బటన్‌కు అలలు కూడా ముఖం మీది ముడతల్లాగే కనిపించినట్టున్నాయి, అన్నిటినీ నున్నగా చేసేసింది. ఐదడుగుల ఫ్రేము కట్టించి హాల్లో టీవీ మీద తగిలించాను.

మా అత్తమ్మ తన ఊరు కర్‌ఖేలి నుంచి రైల్లో వచ్చింది. ఫోటో ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"మంచిగున్నది అల్లుడా. గీ పిట్టలు మా సర్పంచ్ బిడ్డ పెండ్లి ఆల్బంల గూడ ఉండె" అంది. తర్వాత కూతురి వైపు తిరిగి, "నువ్వు దిగలేదా బిడ్డా?" అని అడిగింది.

"నేనే గదనే అమ్మా, గీడ."

అత్తమ్మ ఫ్రేము దగ్గరికి ముఖం పెట్టింది. "గీమె ఎవలో పట్నపామె. నువ్వు గాదు."

నా భార్య వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లలో నా పని మీద ఒక్క ఫిర్యాదు లేదు, ఈ ముసలామెకేం తెలుసని లోపల్లోపల సణిగాను. సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి ఫ్రేము గోడ మీద లేదు, మంచం వెనక గోడ వైపు తిరిగి ఉంది.

"ఫోటోలు తీసేటోని ఇంట్ల ఉన్న. గా ఆధార్ కార్డుది తప్ప నా తీర్గ ఉన్న ఫోటో ఒక్కటి లేదు నా తాన" అంది ఆమె. ఏడవలేదు, కోప్పడలేదు. ఆ రెండిట్లో ఏదైనా నాకు నయంగా ఉండేది.

అసలు ఫోటోలు తీసి చూశాను. రాళ్ల పక్కన వెలుగెక్కువై ఆమె ముఖం సగం తెల్లగా చెరిగిపోయింది, అందులో తిరిగి తెచ్చేందుకేమీ మిగల్లేదు. మళ్లీ వెళ్లాల్సిందే. ఈసారి సిగ్గు విడిచి చదివాను. నాందేడ్‌లో సముద్రం లేదు గనక గోదావరి మీద నేర్చుకున్నాను. పొద్దున్నే ఘాటు మీద మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, నీటి అంచు ఒరగకుండా సరిచూసుకుంటుంటే, స్నానాలకొచ్చినవాళ్లు "కాయ్, సర్వే ఆహే కా?" అంటూ ఇదేం సర్వే అని అడిగేవాళ్లు. వెలుగును ఒక్కసారి చేత్తో కొలిచి బిగించెయ్యాలి, తర్వాత ముట్టకూడదు. నురగ తెల్లదనం చెడకుండా కొలవాలి. ఒక్కో ఫోటో ముందుదాని మీదికి మూడో వంతైనా ఎక్కాలి. మనిషిని అతుకు దగ్గర నిలబెట్టకూడదు. ఇంతే. ఇది తెలియడానికి నాకు ఇరవై ఏళ్లు, ఒక అత్తమ్మ కావలసి వచ్చారు.

మరుసటి ఏడు అదే తీరానికి వెళ్లాం. "ఎంతసేపు నిలవడాలె?" అని అడిగింది నా భార్య. అల వెనక్కిపోయేదాకా అన్నాను. ఇంటికొచ్చి అతికిస్తే ఆకాశంలో ఒక్క పట్టీ లేదు. రవ్వంత వంకర సరిచేసి, నీడల్లో కొంచెం వెలుగు పెంచి ఊరుకున్నాను. ఊరుకోవడమే కష్టమైన పని. కుడిచెయ్యి బటన్ వైపు పోతుంటే కుర్చీలో ఆ చేతి మీదే కూర్చున్నాను.

అత్తమ్మను మళ్లీ పిలిపించాం. ఫ్రేము ముందుకు రాగానే వేలు నేరుగా కూతురి మీద పెట్టింది.

"చీరె తడ్సింది గదనే బిడ్డా. జెర ఎత్తి పట్టరాదు?" అని కోప్పడింది. తర్వాత తీరిగ్గా సముద్రాన్ని చూసి, "గింత బురద నీళ్లా? మన గోదారే నయం" అంది.

నా భార్య కడుపుబ్బ నవ్వింది. ఆ పూటంతా నేను షాపులో ఈల వేస్తూ తిరిగాను.

మర్నాడు పొద్దున ఆమె మా పెళ్లి ఆల్బం తెచ్చి నా ముందు పెట్టింది. కంప్యూటర్ కొన్న కొత్తలో పాత ఫోటోలన్నీ స్కాన్ చేసి, బటన్ నొక్కి నేనే కొత్తగా కట్టించిన ఆల్బం అది.

"గిండ్ల గూడ నన్ను నా తీర్గ చెయ్యి" అంది.

"అయ్యేటట్టు లేదు. పాత ఫోటోలు, నెగెటివులు, స్కాన్లు ఏవీ లేవు."

"ఏమైనయి?"

"కొత్తవి మంచిగచ్చినయని పారేసిన."

ఆమె పేజీలు తిప్పింది. తలంబ్రాల పేజీ దగ్గర ఆగింది. "నాకైతే నా ముఖం నాకు కనవడదు. నువ్వు ఎదురుంగ కూసున్నవు గద. నీకు యాదికున్నదా, నేనెట్లుంటినో?"

"ఉన్నది" అన్నాను.

అబద్ధం. అప్పటి నుంచి ఎన్నిసార్లు కళ్లు మూసుకొని గుర్తు తెచ్చుకుందామన్నా నాకు వచ్చేది ఆ ఆల్బంలో నేను చేసిన ముఖమే.