అక్క వెనక్కి తీసుకున్న సాక్ష్యం

గుడిలో అందరి ముందు నిలబడి మీరు చెప్పిన మాట నిజం కాదని తర్వాత తెలిస్తే, అదే గుడిలో మళ్ళీ నిలబడి దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం మీకుందా?

ఉందని తొందరపడి అనకండి. మా అక్క రూతమ్మకి లేకపోయింది. ఆమెకంటే నిజాయితీ ఉన్న మనిషిని నేను చూడలేదు.

ముందే చెప్పేస్తున్నాను. నేను దయ్యాల్ని నమ్మను. దేవుణ్ణీ నమ్మను. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, సండే స్కూల్లో కంఠత వాక్యాలకి బహుమతులు తెచ్చుకుని, ఇరవయ్యో ఏట అడిగిన ప్రశ్నలకి జవాబులు దొరక్క బయటికొచ్చినవాణ్ణి. తాడేపల్లిగూడెంలో సైన్సు మాస్టారుగా పనిచేస్తూ ముప్పై ఏళ్ళు హేతువాద సభల్లో మాట్లాడాను. అరచేతిలో కర్పూరం వెలిగించి చూపించాను. ప్రార్థనతో రోగాలు పోతాయనే స్వస్థత కూటాల మీద నా వ్యాసాలు చదివి తిట్టినవాళ్ళలో అక్కే మొదటిది. "నీ కోసం ప్రార్థన చేసీ చేసీ మోకాళ్ళు అరిగిపోయాయిరా, ఆయింట్‌మెంటైనా కొనిపెట్టు" అనేది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. పెళ్ళయ్యాక కొల్లేటి లోపల ఒక చిన్న ఊళ్ళో ఉండేది. బావ చేపల చెరువుల దగ్గర కాపలా. అక్కకి చాలా ఏళ్ళుగా సుగరు. ఇన్సులిన్ నేనే నెలనెలా పంపేవాణ్ణి. "వేసుకుంటున్నావా?" అని ఫోన్‌లో అడిగితే "ఆఁ, వేసుకుంటున్నా" అనేది.

వేసుకోవడం లేదు. ఆ సంగతి నాకు ఏలూరు ఆసుపత్రిలో తెలిసింది.

అక్కా బావా ఒక శుక్రవారం మా ఇంటికి వచ్చారు. శనివారం సాయంత్రం అక్క పెరట్లో కూలబడిపోయింది. అంబులెన్సులో భీమడోలు మీదుగా ఏలూరు తీసుకెళ్ళాం. డాక్టరు ఆమె కాలి పుండు చూసి, "ఇన్సులిన్ ఎప్పుడు ఆపారండి?" అని అడిగాడు. ఆపలేదండీ అన్నాను. పక్కన బావ తల దించుకుని, "నాలుగు నెలలైందండి" అన్నాడు.

బావ చెప్పింది ఇది. ఊళ్ళో చర్చిలో, గుడి అంటారు వాళ్ళు, ఉపవాస కూటాల చివరి రోజున అక్కకి ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. అదే పాస్టరు గారితో అంది. ఆయన అక్కడికక్కడే మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమన్నాడు. సుగరు పోయిందని చెప్పింది. ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. స్వస్థత సాక్ష్యం చెప్పినవాళ్ళు ఇక మందు ముట్టకూడదు. ముడితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు. వారం తిరక్కుండానే ఒళ్ళు మళ్ళీ బరువెక్కింది. కానీ అప్పటికే మాట బయటికి వెళ్ళిపోయింది.

దేవుడి పరువు కాపాడ్డానికి నాకు అబద్ధం చెప్పింది మా అక్క. ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం పొద్దున్న ఆమెకి తెలివొచ్చింది. ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి, నా చెయ్యి పట్టుకుంది.

"దీనమ్మ కూడా మాత్రలు మానేసిందిరా. నా సాక్ష్యం విని. వెళ్ళి చెప్పు, రూతమ్మకి తగ్గలేదంట అని."

దీనమ్మ అక్కకి పక్కింటి మనిషి. ఫిట్స్ ఉన్నాయి. చెరువు గట్ల మీద మేత బస్తాలు మోస్తుంది. ఫిట్స్ వచ్చి పడితే రెండు పక్కలా నీళ్ళే. చేతిలో ఫోన్ కూడా లేని మనిషి. ఇదంతా నాకు తెలుసు.

తెలిసే అన్నాను: "మీ పాస్టరు అయ్యగారు ఉన్నాడుగా, ఆయన చూసుకుంటాడులే. నీకు బాగయ్యాక మనిద్దరం వెళ్దాం."

"అప్పటిదాకా అది ఆగదురా" అని మొహం గోడవైపు తిప్పుకుంది.

ఏ ఊరైతే మా అక్కని ఇలా చేసిందో ఆ ఊరికి పరిగెత్తుకెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. బావ వరండాలో ఉన్నాడు. ఆయనతో ఊళ్ళో ఎవరికైనా ఒక ఫోన్ చేయించినా పోయేది. చేయించలేదు.

తర్వాత ఆమె మళ్ళీ కళ్ళు తెరవలేదు. పదిన్నర నుంచి పదకొండు దాటేదాకా నేను మంచం పక్కనే, ఆమె కాలి మీద చెయ్యేసి కూర్చున్నాను. కాలు వెచ్చగానే ఉంది. పన్నెండు కావస్తుండగా ఊపిరి ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఊరికి తీసుకెళ్ళాం. మర్నాడు సమాధి. మట్టి వేసి చేతులు కడుక్కుంటుంటే దీనమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"మాస్టారండీ, ఆదివారం పొద్దున్న గుడికొచ్చి వెళ్ళింది కదండీ అక్క. ఇంతలో ఎలా అయిందండి?"

దుఃఖంలో రోజులు కలిసిపోయాయేమో అనుకుని, "ముందటి ఆదివారమామ్మా?" అన్నాను. "కాదండీ, నిన్ననే. మీరు తీసుకొచ్చారేమో అనుకున్నామండి" అంది.

నా అలవాటు నాకుంది. ఆరుగురు ఆడవాళ్ళని విడివిడిగా అడిగాను, ఒకరి మాట ఇంకొకరికి తెలియకుండా. ఆరుగురూ చెప్పింది ఒకటే. అయ్యగారు వాక్యం చెబుతుండగా అక్క పక్క తలుపులో నిలబడింది. తలమీద ముసుగు లేదు. అదే వాళ్ళందరికీ ఎక్కువ గుర్తు, ఎందుకంటే ముసుగు లేకుండా ఆమె ఏనాడూ గుడి మెట్టెక్కలేదు. "నా రోగం పోలేదు. నేను చెప్పింది నిజం కాదు. మందులు వేసుకోండి" అంది. వెళ్ళిపోయింది. చీర ఏ రంగని అడిగితే నలుగురు గుర్తులేదన్నారు. ఇద్దరు మాత్రం, చీర కాదండీ, ఆకుపచ్చ గౌనులాంటిది అన్నారు. ఆసుపత్రిలో శనివారం రాత్రి అక్కకి తొడిగిన గౌను ఆకుపచ్చదే.

ఆ పొద్దుటికి ఊళ్ళో ఎవరికీ ఆమె ఆసుపత్రిలో ఉన్న సంగతి తెలియదు. తమ్ముడింట్లో ఉందనుకున్నారు. బావ ఫోన్ తీసుకుని చూశాను. సమాధి పనుల కోసం మధ్యాహ్నం చేసిన కాల్స్ తప్ప పొద్దున్న ఒక్క కాల్ కూడా వెళ్ళలేదు.

కువైట్‌లో ఉన్న సంఘస్తుల కోసం పాస్టరమ్మ గారు ప్రతి ఆదివారం ఆరాధన వీడియో తీస్తారు. అడిగితే కాదనలేక చూపించారు. టైము పది నలభై మూడు. పాస్టరు గారు మాట మధ్యలో ఆగిపోయారు. చాపల మీదున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారే పక్క తలుపువైపు తిరిగారు. కెమెరా కూడా తిరిగింది. తలుపులో ఎవరూ లేరు. అవతల చెరువు గట్టూ, ఎండా. నిమిషం పైగా ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడదు.

అప్పుడు దీనమ్మ లేచి ఆ ఖాళీ తలుపుతో, "మరి నన్నేం చెయ్యమంటావక్కా?" అంది. కాసేపు ఆగింది. "సరే" అని కూర్చుంది.

ఆ సాయంత్రమే మాత్ర వేసుకుందట.

సామూహిక భ్రమ అంటారు మీరు. నేనూ అదే అన్నాను. తిరగబెట్టిందని తెలియని జబ్బు గురించి, చూడని గౌను గురించి అంతమందికి ఒకే నిమిషంలో ఒకే భ్రమ ఎలా వచ్చిందో చెప్పలేకపోయాను. దయ్యం అందామంటే ఆ నిమిషానికి మా అక్క బతికే ఉంది. ఆమె కాలు నా చేతి కింద ఉంది.

పాస్టరు గారు మొదట అది సాతాను పని అన్నారు. వారం తర్వాత ఫోన్ చేసి, "మాస్టారూ, దేవుడు గొప్ప అద్భుతం చేశాడండి. మీలాంటివాళ్ళు వచ్చి సాక్ష్యం చెబితే ఎన్ని ఆత్మలు రక్షణ పొందుతాయో" అన్నారు. మరి అక్క చెప్పిన మాట కూడా చెబుతారా అండీ, మందులు వేసుకోమంది కదా అని అడిగాను. "అదంతా ఎందుకండీ" అన్నారు. ఇప్పుడు ఆ సంఘంలో రూతమ్మ గుడిలో కనిపించిందని అందరూ చెప్పుకుంటున్నారు. ఏమందో ఎవరూ చెప్పడం లేదు.

ఏలూరులో నాతో పాతికేళ్ళు సభలు నడిపిన మిత్రుడికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు విని, "ఇది రాయకండి. మనం కట్టిన గోడకి మీరే కన్నం వేసినట్టవుతుంది" అన్నాడు. దీనమ్మ ఎలా ఉందని అడగలేదు. ఎవరి సాక్ష్యాన్ని వాళ్ళు కాపాడుకుంటున్నారు. ఆ రోజు నుంచి నేను ఆ సభలకి వెళ్ళడం మానేశాను. గుడికీ వెళ్ళను.

నన్ను చిన్నప్పటి విశ్వాసం మోసం చేసింది, సరే, అలవాటైంది. పెద్దయ్యాక నమ్ముకున్న తర్కం కూడా ఆ తలుపు దగ్గరికి వచ్చి నోరు మూసుకుంది. అన్నిటికంటే ఘోరం నేను చేసింది. చావబోతున్న మనిషి ఒక్క పని అడిగితే, ఆమె దేవుడి మీది కోపంతో నేను కదల్లేదు. ఆ పని జరిగింది. ఎలా జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలుసన్నట్టు నటించను.

మీ ఊరి సంఘంలోనూ సాక్ష్యం చెప్పి మందు మానేసినవాళ్ళు ఉన్నారు. ఎవరో మీకు తెలుసు. మీరు విశ్వాసులైనా, నాలాంటివాళ్ళైనా సరే, దేవుడున్నాడా లేడా అన్నది తర్వాత తేల్చుకుందాం. ఈ పుస్తకం పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని, ఇప్పుడే వాళ్ళింటికి వెళ్ళండి. మందు వేసుకోమని చెప్పండి. వేసుకునేదాకా అక్కడే కూర్చోండి.