మాస్టారి సూది

తెనాలిలో నేను కాజాలు కుట్టిన టైలరు కొట్టు మాస్టారిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఎడమ కంట్లో ప్రెషరు పెరిగిందని డాక్టరు చుక్కల మందు రాసి, నెలనెలా రమ్మన్నాడు. ఈయన చుక్కలేసుకున్నారు గానీ మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఒకరోజు ఆ కంటికి పక్కనుంచి నల్లటి తెర దిగుతోందన్నారు.

"పదండి మాస్టారూ, చూపించుకుందాం" అన్నాను.

"నా చూపుకేంటమ్మాయ్? ఇదిగో!" అంటూ ఎప్పట్లాగే ఎడమ కన్ను మూసి, సూదిలో దారం ఎక్కించారు. ఒక్కసారికే ఎక్కింది. మూడు వారాలు రోజూ అదే పరీక్ష. బుర్ర లేనిదాన్ని, నేనూ నమ్మాను.

చివరికి లాక్కెళ్తే, డాక్టరు ఆయన కుడి కన్ను మూయించాడు. ఎదురుగా ఊపిన చెయ్యి కూడా ఎడమ కంటికి కనబడలేదు. లోపల రెటీనా చిరిగి ఊడటం వల్లే ప్రెషరు పెరిగిందట. తెర కనబడిన రోజే వస్తే అతికించేవాళ్లట.

బయటికొచ్చాక ఆయన కాలరుకి గుచ్చుకున్న సూది తీశారు.

"నాకు బాగానే కనబడుద్దమ్మాయ్, చూడు" అంటూ ఎడమ కన్ను మూశారు.

"ఇంక ఆ కన్ను మూసే పన్లేదు మాస్టారూ!" అని ఆసుపత్రి వరండా అదిరేలా అరిచాను.